మూసీ పుట్టిన చోట నత్తగుల్లలు: 6.6 కోట్ల ఏళ్ల నాటి సరిహద్దు లెక్క

దక్షిణ తెలంగాణలో తాండూరు నాపరాయి మీద నడవని మనిషి ఉండడు. ఇంటి అరుగు, బడి వరండా, బస్టాండు, గుడి మెట్లు, ఎక్కడ చూసినా అదే బండ. నీలంగానో పసుపుగానో ఉండే ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. సముద్రం అన్నాక గుల్లలూ చిప్పలూ ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ ఎన్ని బండలు తిరగేసినా, గని ఎంత లోతు తవ్వినా, అందులో ఒక్క నత్తగుల్ల దొరకదు. అదే తాండూరు నుంచి వికారాబాద్ వైపు వచ్చి, నల్లరాతి పొరల నడుమ ఇరుక్కున్న చెకుముకి రాయిని పగలగొడితే కథ మారిపోతుంది. వేలి కొసంత నత్తలు, మెలికలు చెదరకుండా, నిన్న మొన్న చెరువులోంచి తీసినట్టు కనపడతాయి.

సముద్రపు రాయిలో గుల్లలు లేకపోవడం, ఒకప్పటి చెరువు బురద గట్టిపడిన ఈ చెకుముకి రాయిలో ఉండటం వింతగా తోచినా కారణం చిన్నదే. తాండూరు సున్నపురాయి ఏర్పడిన కాలానికి గట్టి గుల్ల కట్టుకునే జంతువులు ఇంకా పుట్టలేదు. గుల్లలు మొదటిసారి పెద్ద సంఖ్యలో కనిపించేది సుమారు 54 కోట్ల ఏళ్ల కింద, కేంబ్రియన్ యుగం మొదలైన రోజుల్లో. తాండూరు బండ అంతకంటే పాతది. వికారాబాద్ నల్లరాయి, అంటే చల్లారిన లావా, మాత్రం నిన్నటిది, వయసు 6.6 కోట్ల ఏళ్లు. భూమి వయసు 450 కోట్ల ఏళ్లకు పైమాటే కాబట్టి "నిన్నటిది" అనడం అతిశయోక్తి కాదు.

ఈ తేడా ఒక్క చూపులో తెలియాలంటే మూసీ వెంట నడవాలి. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లో. అక్కడ నేల కింద ఉన్నది దక్కన్ లావా, పైన ఎర్రటి లేటరైట్ టోపీ. కిందికి దిగి హైదరాబాద్ చేరేసరికి గుండ్లు, బండలు, గ్రానైటు. భువనగిరి గుట్ట, నల్లగొండ చుట్టుపక్కల గుట్టలు అన్నీ ఆ కోవకే చెందుతాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నేల లోతుల్లో కరిగి గడ్డకట్టిన రాయి కాబట్టి అందులో గుల్ల ఉండే ప్రశ్నే లేదు. చివరికి మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడ మళ్లీ సున్నపురాయి. దామరచర్ల, హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది ఆ రాయి మీదే. అదీ తాండూరు బండలాగే గుల్లలు పుట్టకముందు నాటిది. అంటే మూసీ నది పొడవునా గుల్లల చరిత్ర రాసి ఉన్నది పుట్టిన చోట మాత్రమే. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల్లో పురాతన గుల్లల గురించి మాట్లాడాలంటే ఆ పడమటి అంచుకే వెళ్లాలి.

ఆ అంచు విలువ గుల్లలు దొరకడంతో అయిపోదు. భూచరిత్రలో అతి పెద్ద గీతల్లో ఒకటి ఆ రాళ్ల దగ్గరగా పోతుంది. క్రెటేషియస్ యుగం ముగిసి పేలియోజీన్ మొదలైన గీత అది. డైనోసార్లు పోయింది అక్కడే. సముద్రంలో చుట్టుకున్న గుల్లల్లో బతికిన అమ్మొనైట్లు అంతరించిందీ అక్కడే. లోకంలో ఉన్న జాతుల్లో నాలుగింట మూడు వంతులు ఆ గీత దాటలేదని అంచనా. ఈ మాట చాలాసార్లు వినపడుతుంది, కానీ దాన్ని ఎలా లెక్కగట్టారో ఎవరూ చెప్పరు. నిజానికి ఆ లెక్కకు ప్రధాన ఆధారం డైనోసార్లు కాదు, గుల్లలు. ఒక డైనోసార్ ఎముక దొరకడమే పెద్ద వార్త. గుల్లలు అలా కాదు, రాశులుగా దొరుకుతాయి. రాశులుగా దొరికే దాన్నే లెక్కపెట్టగలం.

ముందు ఆ నల్లరాయిలో చెరువులు ఎలా వచ్చాయో చూడాలి. దక్కన్ లావా ఒక్కసారిగా పొంగి ఊరుకోలేదు. ఒక పొర పారి, చల్లారి, మళ్లీ ఇంకో పొర వచ్చేలోపు వందల, వేల ఏళ్ల వ్యవధి ఉండేది. ఆ విరామంలో వాన కురిసి, పల్లాల్లో నీళ్లు నిలిచి, గడ్డీ గాదం మొలిచి, కప్పలు, చేపలు, నత్తలు చేరేవి. ఆ తర్వాత మళ్లీ లావా వచ్చి అన్నిటినీ కప్పేసేది. చల్లారిన లావా నుంచి నీళ్లలోకి ఊరిన సిలికా చెరువు బురదను చెకుముకి రాయిగా గట్టిపరిచింది. గుల్లలో ఉన్న సున్నం కరిగిపోయి దాని స్థానంలో సిలికా కూర్చుంది. అందుకే ఆ నత్తలు అంత శుభ్రంగా మిగిలాయి. లావా పొరల మధ్య ఇరికిన ఈ పలుచని పొరలను ఇంటర్‌ట్రాపియన్ పొరలు అంటారు. చాలా చోట్ల వాటి మందం కొద్ది మీటర్లే.

వాటిలో అందరికంటే ఎక్కువగా కనిపించేది ఫైసా ప్రిన్సెపి అనే మంచినీటి నత్త. దీన్ని గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. కొన పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకుంటే మామూలు నత్తకు నోరు కుడి పక్కన ఉంటుంది. దీనికి ఎడమ పక్కన. ఇప్పటి ఫైసా నత్తలు చిన్నవి, ఇది వాటి కంటే బాగా పెద్దది. దీనితో పాటు లిమ్నియా, వివిపారస్, అక్కడక్కడా యూనియో అనే మంచినీటి ఆల్చిప్ప దొరుకుతాయి. లిమ్నియా కుటుంబం ఈనాటికీ తెలంగాణ చెరువు గట్ల మీద బతికే ఉంది. గొర్రెలకు కార్జపు జలగ రోగం అంటించేది దానిలోని నత్తలే. ఏ కుంట ఒడ్డున మేపితే మందకు ముప్పో గొల్ల కురుమలకు తెలుసు. ఆ జాగ్రత్త వెనక ఉన్న నత్త వంశం డైనోసార్ల నాటిదని తలుచుకుంటే పాలమూరు కుంటలు కొత్తగా కనపడతాయి.

ఈ గుల్లలను శాస్త్రం దృష్టికి తెచ్చినవాళ్లలో మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ ముందు వరుసలో ఉంటాడు. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే దారిలో, నిర్మల్ ప్రాంతపు గుట్టల్లో ఆయన సేకరించిన గుల్లల వివరాలు 1840లో లండన్‌లో అచ్చయ్యాయి. ఫైసా ప్రిన్సెపికి పేరు పడింది ఆ సేకరణ వల్లే. తర్వాత నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లో అక్కడి గుల్లల మీద విపులంగా రాశాడు. ఆ రోజుల నుంచి ఒక తగాదా నడిచింది: ఈ నత్తలు డైనోసార్ల కాలానివా, ఆ తర్వాతివా? 1934లో బీర్బల్ సాహ్ని ఇదే ప్రశ్న వేసి, తాటి జాతి మొక్కల శిలాజాలను బట్టి తర్వాతి కాలానివే అని వాదించాడు. చివరికి డైనోసార్ ఎముకలు, చేప పళ్లు, పుప్పొడి రేణువులు, లావా వయసు లెక్కలు అన్నీ కలిసి చాలా పొరలను క్రెటేషియస్ చివరి భాగానికి, కొన్నిటిని పేలియోజీన్ మొదటికి చేర్చాయి.

ఆ తగాదా నూరేళ్లకు పైగా ఎందుకు సాగింది? నత్తలు సాక్ష్యం చెప్పలేకపోయాయి కాబట్టి. మంచినీటి నత్తల రూపం చాలా నెమ్మదిగా మారుతుంది. సరిహద్దుకు ఇటూ అటూ దాదాపు ఒకే పోలికలో ఉండే నత్త కాలాన్ని పట్టిచ్చేదెలా? రాతి వయసు లెక్కగట్టేవాళ్లకు ఇది తలనొప్పి కావచ్చు. కానీ ఎవరు బతికారు అని అడిగేవాళ్లకు ఆ నెమ్మదే అసలు సమాచారం.

వికారాబాద్ జిల్లాలోని నస్కల్ ఈ కథలో ప్రత్యేకమైన చోటు. అక్కడి పొరలోని మట్టిని నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన రేణువులను మైక్రోస్కోపు కింద ఏరితే మిల్లీమీటర్ల సైజు పళ్లు దొరికాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో వాటిని దక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదానివిగా గుర్తించారు. భారతదేశంలో క్రెటేషియస్ నాటి క్షీరదం బయటపడటం అదే మొదలు. నస్కల్ పుప్పొడి రేణువులు కూడా ఆ కాలాన్నే చూపాయి. 2022లో వచ్చిన పరిశోధన లావా రసాయనాన్నీ, రాతిలోని అయస్కాంత దిశనూ జోడించి ఆ చెరువు వయసును 6.6 కోట్ల ఏళ్ల సరిహద్దుకు సుమారు లక్ష ఏళ్ల లోపుకే తెచ్చింది. భూచరిత్రలో లక్ష ఏళ్లంటే గడప మీద నిలబడినట్టే. ఆ చెరువు నత్తలు ప్రళయానికి ముందరి లోకాన్ని దగ్గరి నుంచి చూపుతాయి.

ఇక సముద్రం వైపు. సరిహద్దుకు రెండు వైపులా సముద్రపు గుల్లలు చూడాలంటే దక్షిణ తెలంగాణ నుంచి తూర్పుకో దక్షిణానికో పోవాలి. తమిళనాడులోని అరియలూర్ రాళ్లలో క్రెటేషియస్ సముద్రం మొత్తం భద్రంగా ఉంది. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1860లు, 70ల్లో ఆ గుల్లలను సంపుటాల కొద్దీ వర్ణించాడు. అమ్మొనైట్లు, ట్రైగోనియా చిప్పలు, ముత్యపు చిప్పల బంధువులు, వందల రకాలు. పై పొరల్లోకి, అంటే నినియూరు సున్నపురాయిలోకి వచ్చేసరికి అమ్మొనైట్లు మాయం. వాటి దూరపు బంధువైన నాటిలాయిడ్ మాత్రం మిగిలింది.

చూడటానికి ఒకేలా చుట్టుకుని ఉండే ఈ రెండిటిలో ఒకటి పోయి ఒకటి మిగలడం యాదృచ్ఛికం కాదనే అనిపిస్తుంది. అమ్మొనైట్ పిల్లలు చాలా చిన్నవి. పుట్టగానే పై నీళ్లలో ప్లాంక్టన్ అనే తేలియాడే సూక్ష్మజీవుల మధ్య పెరిగేవి. నాటిలాయిడ్ల కోవకే చెందిన నాటిలస్ గుడ్లు పెద్దవి, పిల్లలు కాస్త ఎదిగాకే లోతు నీళ్లలో బయటికొస్తాయి. ఆ సరిహద్దు దగ్గర పెద్ద ఉల్క భూమిని ఢీకొన్నాక ఆకాశం మసకబారి, ఎండ తగ్గి, పై నీళ్లలో ప్లాంక్టన్ కుప్పకూలినప్పుడు దెబ్బ ముందు ఎవరికి తగిలిందో ఊహించవచ్చు. దానికి తోడు పై నీళ్లు ఆమ్లంగా మారాయి. సూక్ష్మజీవుల గుల్లల్లోని బోరాన్‌ను కొలిచి 2019లో వేసిన లెక్క ప్రకారం ఆమ్లతను కొలిచే పీహెచ్ సుమారు 0.25 మేర పడిపోయింది. సున్నంతో గుల్ల కట్టుకునే జీవికి అది చిన్న మార్పు కాదు.

రెండు చిప్పల జీవుల విషయంలో అందరూ ఎత్తిచూపే అంకె ఒకటుంది. డేవిడ్ రాప్, డేవిడ్ జబ్లాన్‌స్కీ 1993లో ప్రపంచవ్యాప్తంగా లెక్కవేసి, వీటి ప్రజాతుల్లో దాదాపు 63 శాతం ఈ సరిహద్దు దగ్గర అంతరించాయని చెప్పారు. ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు. ఉష్ణమండలంలో ఎక్కువ పోయి ధ్రువాల వైపు తక్కువ పోయి ఉంటాయన్న అప్పటి నమ్మకాన్ని కూడా ఆ లెక్క బలపరచలేదు. వెచ్చని సముద్రాల్లో దిబ్బలు కట్టే రూడిస్ట్ చిప్పలను పక్కన పెడితే అన్ని అక్షాంశాల్లోనూ దెబ్బ దాదాపు సమానమే. బతికి బయటపడినవాటిలో ఒక పోలిక మాత్రం స్పష్టం: ఎక్కువ సముద్రాల్లో విస్తరించి ఉన్న ప్రజాతులకు అవకాశం ఎక్కువ. ఒకే తీరాన్ని నమ్ముకున్నవి ఎక్కువగా పోయాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ అంకెల్లోకి చేరేవాళ్లందరూ ఆ గీత దగ్గరే చనిపోయారని అనుకోకూడదు. పళ్లెమంత పెద్ద చిప్పలుండే ఐనోసెరామిడ్లలో అధికభాగం సరిహద్దుకు లక్షల ఏళ్ల ముందే తగ్గిపోయాయి. ట్రైగోనియా వంశం పూర్తిగా పోయిందనే చాలాకాలం నమ్మారు. 19వ శతాబ్దం మొదట్లో ఆస్ట్రేలియా సముద్రంలో దాని వారసురాలు బతికే కనపడింది. ఇలా శిలాజాల్లో మాయమై, తర్వాత మళ్లీ ప్రత్యక్షమయ్యేవాటిని శాస్త్రవేత్తలు లాజరస్ జీవులు అంటారు. చచ్చిందని రాసుకున్న పేరు కొట్టేయాల్సి వస్తుంది. మన దగ్గర చెప్పుకునే తీరులో అంటే, పోయిందనుకున్న ఆవు వాగు అవతల మేస్తూ కనపడటం లాంటిది.

రాజమండ్రి దగ్గరి కాతేరు, గౌరీపట్నం క్వారీల్లో ఈ గీత దాదాపు చేతికి అందుతుంది. దక్కన్ లావా పడమటి నుంచి 1,000 కిలోమీటర్లకు పైగా పారి అక్కడి సముద్రతీరం చేరింది. లావా కింది పొరలో టరిటెల్లా అనే పొడవాటి స్క్రూ లాంటి గుల్లలు, లావాల మధ్య పొరలో ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట బతికే గుల్లలు ఉన్నాయి. 2008లో గెర్టా కెల్లర్ బృందం ఆ మధ్య పొరలోని సూక్ష్మజీవుల గుల్లలను పరీక్షించి, అవి పేలియోజీన్ మొట్టమొదటి దశవని తేల్చింది. అంటే వికారాబాద్ చెరువు గీతకు ఇవతల, రాజమండ్రి తీరం అవతల. మధ్యలో ఉన్నది ఒకే లావా కథ. తెలుగు నేల మీద ఇంత పెద్ద సరిహద్దుకు రెండు ఒడ్డులూ ఉండటం గర్వపడాల్సిన విషయం. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేజీ అయినా ఉండాలి.

మళ్లీ మంచినీళ్లకు వద్దాం, ఎందుకంటే చిక్కుముడి అక్కడే ఉంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రపు రాళ్ల మీద పీటర్ షీహన్, డేవిడ్ ఫాస్టోవ్‌స్కీ 1992లో ఒక లెక్క ఇచ్చారు. నేల మీద బతికే వెన్నెముక జంతువుల్లో సుమారు 12 శాతం జాతులే గీత దాటాయి. మంచినీటిలో బతికేవి మాత్రం 90 శాతం దాటాయి. కారణంగా వాళ్లు చూపింది ఆహారం. నేల మీద జంతువు పచ్చి ఆకు తింటుంది, లేదా ఆకు తినే జంతువును తింటుంది. ఎండ పోతే ఆకు పోతుంది, ఆ గొలుసంతా తెగుతుంది. వాగులో, చెరువులో అయితే కుళ్లిన ఆకు, చెత్త, బురద ఎప్పుడూ ఉంటాయి. ఎండ లేకపోయినా ఆ తిండి కొన్నేళ్లు నిలుస్తుంది.

ఈ వివరణ దక్షిణ తెలంగాణ చెరువు చూసినవాళ్లకు వెంటనే నచ్చుతుంది. ఎండాకాలం కుంట ఎండిపోతే నత్త గుల్ల మూత బిగించుకుని బురదలో దిగి నెలల తరబడి పడుకుంటుంది. తొలకరికి లేస్తుంది. కరువుకు అలవాటు పడిన జీవికి ప్రళయం కూడా ఒక పొడవాటి కరువే అనిపించి ఉండొచ్చు.

నచ్చినంత మాత్రాన నిజమైపోదు. 2021లో థామస్ న్యూబావర్ బృందం యూరప్ మంచినీటి నత్తల లెక్కను బయటపెట్టినప్పుడు ఈ సుఖమైన బొమ్మ కదిలిపోయింది. ఈ సరిహద్దును చుట్టుకుని సుమారు 54 లక్షల ఏళ్ల పాటు సాగిన దశలో అక్కడి నత్త జాతుల్లో 92.5 శాతం అంతరించాయి. తిరిగి కోలుకోవడానికి ఇంకో 69 లక్షల ఏళ్లు పట్టింది. నత్తలు దెబ్బ తినలేదన్న మాట ఆ తర్వాత నిలబడదు. ఆ పరిశోధనలోనే ఇంకో మాటా ఉంది: ఇప్పుడు యూరప్ నత్తలు పోతున్న వేగం ఆ నాటి వేగాన్ని ఎంతో మించిపోయింది, 2120 నాటికి బతికున్న జాతుల్లో మూడో వంతు పోవచ్చు.

90 శాతం బతికాయన్న లెక్కా, 92.5 శాతం పోయాయన్న లెక్కా రెండూ నిజం ఎలా అవుతాయి? లెక్కపెట్టినది వేరు కాబట్టి. ఒకటి చేపలు, తాబేళ్లు, మొసళ్ల గురించి, రెండోది నత్తల గురించి. ఒకటి గీతకు ఇటూ అటూ ఉన్న కొద్ది కాలం, రెండోది లక్షల ఏళ్లు. అన్నిటికంటే ముఖ్యంగా, నత్తల్లో జాతులు పోయినా కుటుంబాలు చాలావరకు మిగిలాయి. ఊళ్లో ఒక వంశానికి పది ఇళ్లుండి తొమ్మిది ఖాళీ అయినా, పదో ఇంట్లో దీపం వెలిగితే ఇంటిపేరు నిలుస్తుంది. లిమ్నియా ఇంటిపేరు అలాగే నిలిచింది. కాబట్టి "ఎంత శాతం పోయాయి" అన్న ప్రశ్నకు ముందు "ఏ మెట్టు మీద నిలబడి లెక్కపెడుతున్నారు" అని అడగాలి. ఆ మెట్టు చెప్పకుండా శాతం చెప్పే రాతను నమ్మనక్కర్లేదు.

లెక్కలో ఇంకో మోసం ఉంది. ఒక పొరలో 500 గుల్లలు ఏరి 20 రకాలు గుర్తించారు. పై పొరలో 50 గుల్లలే దొరికి 9 రకాలు తేలాయి అనుకుందాం. వైవిధ్యం సగానికి పైగా పడిపోయిందని రాస్తే తప్పు. నవధాన్యాలు కలిపిన గంపలోంచి ఒక్క చిటికెడు తీస్తే తొమ్మిదీ రావు. గుప్పెడు తీస్తే వస్తాయేమో. గంప రెండు సందర్భాల్లోనూ ఒకటే, మారింది చేతిలోకి వచ్చిన గింజల సంఖ్య. అందుకే 500 గుల్లల్లోంచి యాభై యాభై చొప్పున మళ్లీ మళ్లీ తీసి, సగటున ఎన్ని రకాలు వస్తాయో చూసి, అప్పుడు పోల్చాలి. ఈ సవరణ చేశాక పెద్ద పెద్ద పతనాలు కొన్ని మామూలు దిగుడుగా మారిపోతాయి.

మరో చిక్కును ఫిలిప్ సిగ్నర్, జెరీ లిప్స్ 1982లో వివరించారు. అరుదైన జీవి చివరి గుల్ల మనకు దొరికే అవకాశం చాలా తక్కువ. నిజంగా అన్ని జాతులూ ఒకే రోజు చనిపోయినా, అరుదైనవి రాతిలో ముందే మాయమైనట్టు కనపడతాయి, సాధారణమైనవి గీత దాకా వస్తాయి. ఒక్క దెబ్బకు కూలిన లోకం కూడా మెల్లగా క్షీణించినట్టు కనిపిస్తుంది. దక్కన్ లావాయే జీవులను ముందు నుంచి మెల్లగా చంపిందా, మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర పడిన ఉల్క ఒక్కసారిగా చంపిందా అన్న వాదనలో ఈ భ్రమకు పెద్ద పాత్ర ఉంది. 1980లో అల్వరెజ్ బృందం సరిహద్దు మట్టిలో, ఉల్కల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం లోహాన్ని చూపించినప్పటి నుంచీ ఉల్క పక్షం బలంగా ఉంది. లావా వాయువులు వాతావరణాన్ని ముందే కుదిపాయన్నదీ కొట్టిపారేయలేని మాట. అయితే వికారాబాద్ చెరువులు ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాయి: లావా పొంగుతున్న ఆ నేల మీదే, రెండు పొంగుల నడుమ, నత్తలు మళ్లీ మళ్లీ వచ్చి కాపురం పెట్టాయి. లావా పక్కనే బతుకు అసాధ్యమై ఉంటే ఇన్ని పొరల్లో ఇన్ని గుల్లలు ఉండేవి కావు.

ఈ లెక్కలన్నీ నిలబడేది ఒక చిన్న వివరం మీద: గుల్ల ఏ పొరలో దొరికింది. పరిగి, వికారాబాద్, కొడంగల్ వైపు పొలం దున్నుతుంటేనో, బావి తవ్వుతుంటేనో, రోడ్డు పని కోసం గుట్ట కోస్తుంటేనో తెల్లటి, లేత గోధుమరంగు చెకుముకి ముక్కల్లో నత్త మెలికలు కనపడవచ్చు. దాన్ని ఇంటికి తెచ్చి అల్మారాలో పెట్టుకుంటే అది అందమైన రాయి, అంతే. కింద ఏ నల్లరాయి, పైన ఏ నల్లరాయి, మధ్య పొర మందం ఎంత, ముక్క పొరలో అతుక్కునే ఉందా, వాన నీటికి జారి వచ్చిందా అన్నది రాసుకుని, రాయి కదిలించకముందే ఫోటో తీస్తే అదే ముక్క సాక్ష్యం అవుతుంది. కింది లావా, పై లావా ఏవో తెలిస్తే వాటి వయసు కట్టవచ్చు. వాటి వయసు తెలిస్తే ఆ చెరువు 6.6 కోట్ల ఏళ్ల గీతకు ఏ ఒడ్డున ఉందో చెప్పవచ్చు. ఒడ్డు తెలిశాకే ఎడమ నోరు ఉన్న ఆ నత్తను ఏ వైపు లెక్కలో వేయాలో తెలుస్తుంది.